లీడ్ కాదమ్మా, మొగ్గు అను

మాస్టారు పోయారు. మొన్న పొద్దున డబ్లిన్ పక్క క్లాండాల్కిన్‌లో ఆఫీసు ముందు కారు ఆపుతుండగా ట్రాలీ ఊరి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. డాక్టరు కదా, రోజూ ఎవరో ఒకరికి ఇలాంటి మాట చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది. "అక్కా, నాన్న నిద్రలోనే..." అని ఆ వాక్యం పూర్తి చేయలేకపోయింది. నేనూ చేయలేదు. ఫోన్ పెట్టేశాక ఇంజన్ ఆపడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు, చాలా పెద్ద పని చేసొచ్చినట్టు ఒళ్లంతా అలసట వచ్చింది. ఆ అలసట నాకు పాతదే. అది పట్టుకున్న రోజుల్లోనే మాస్టారు నాకు పరిచయమయ్యారు.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఆయన మా పక్కింటివారు. రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. ఏలూరులో డిగ్రీ కాలేజీలో ఉద్యోగమున్నన్నాళ్లూ స్టాటిస్టిక్స్ చెప్పి, రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. కూతురు ఇక్కడి ఆస్పత్రిలో చేస్తున్నన్నాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఆమెకు ట్రాలీలో ఉద్యోగం ఖాయమయ్యాక ఆమెతో పాటు అక్కడికి వెళ్లారు. మా వీధిలో తెలుగువాళ్లందరికీ ఆయన అంకుల్. నేను మాత్రం మాస్టారు అనేదాన్ని. నేనెప్పుడూ ఆయన క్లాసులో కూర్చున్నదాన్ని కాను. అయినా అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ప్రచారం నడిచిన ఆ నెలల్లో ఆయన దగ్గర నేర్చుకున్నంత మరెవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఐర్లండ్‌లో బతుకుతూ అమెరికా ఎన్నికల బెంగ నీకెందుకు అని మీరు అడగొచ్చు. మా వీధిలో ఏ తలుపు తట్టినా ఆ ఇంటివాళ్లకి ఒక అన్నయ్యో ఆడపడుచో తోడల్లుడో అక్కడుంటారు. వాళ్ల వీసాల గొడవలు మా వంటిళ్లలో చర్చకొస్తాయి. నా సంగతి ఇంకాస్త ముదిరింది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. తొలి కాన్పు. అమ్మ చాలా ఏళ్ల కిందటే పోయింది. అత్తగారు డయాలసిస్ మీద ఉన్నారు, విమానం ఎక్కే మాటే లేదు. మా ఆయనకి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇక మిగిలింది విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా చెల్లి. "నేనొస్తాగా అక్కా, నీ పురుడు నేను పోస్తాను" అని మొదటినుంచీ అంటూనే ఉంది.

తీరా టికెట్ కొనే వేళకి చిక్కొచ్చి పడింది. అమెరికా గడప దాటిందంటే, మళ్లీ లోపలికి వెళ్లడానికి చెల్లి పాస్‌పోర్టులో కొత్తగా వీసా ముద్ర పడాలి. చెల్లి తిరిగి వెళ్లే రోజులకి అక్కడ కొత్త ప్రభుత్వం కూర్చుంటుంది. ఎవరు గెలిస్తే ముద్ర పడుతుందో, ఎవరు గెలిస్తే బయటే ఉండిపోవాలో దాని స్నేహితులు తలో మాటా చెప్పి హడలగొట్టారు. దాని ఉద్యోగం, అద్దె ఇల్లు, అక్కడ కూడబెట్టుకున్న బతుకంతా ఆ ముద్ర మీదే ఉంది. కాబట్టి నా కాన్పుకి చెల్లి రావడమా మానడమా అన్నది, మేమెప్పుడూ కాలుపెట్టని కొన్ని రాష్ట్రాల ఓటర్ల మీద ఆధారపడి ఉందని అక్కాచెల్లెళ్లమిద్దరం గట్టిగా నమ్మేశాం. ఇక చూడండి నా పాట్లు. పొద్దున లేస్తే కాళ్ల వాపు, నడుం నొప్పి, వాటి మీద పెన్సిల్వేనియా, మిషిగన్, జార్జియా. ఒక సర్వే అటు అనేది, మర్నాడు ఇంకోటి ఇటు అనేది. రెండూ చూసి చెల్లికి పంపేదాన్ని. అది మూడోది వెతికి నాకు పంపేది.

ఆదివారాలు కమ్యూనిటీ సెంటర్‌లో పిల్లలకి తెలుగు క్లాసు జరిగేది. మనవరాలిని దింపడానికి మాస్టారు వచ్చేవారు. చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించడానికి నేను వెళ్లేదాన్ని. క్లాసయ్యాక పెద్దవాళ్లందరూ కారిడార్‌లో ఫ్లాస్కుల చుట్టూ చేరేవాళ్లు. ఒకరోజు మాలో అందరికంటే హుషారైన నిజామాబాద్ అన్న ఫోన్ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అంకుల్, చూసిన్రా? పెన్సిల్వేనియాల మనోళ్లు లీడ్‌ల ఉన్నరు!"

మాస్టారు టీ ఊదుకుంటూ తలెత్తారు. "ఎన్నో రౌండు బాబూ?"

"రౌండేంది అంకుల్?"

"లీడ్ అన్నావు కదా. పెట్టెలు ఎప్పుడు తెరిచారు? ఎన్ని రౌండ్లు లెక్కపెట్టారు?"

అన్న తెల్లముఖం వేశాడు. మేమందరం నవ్వాం కానీ, నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే నేనూ అదే పొరపాటు చేస్తున్నాను. మన తెలుగువాళ్లకి లీడ్ అంటే కౌంటింగ్ రోజు మాట. టీవీలో కింద పట్టీ పరిగెడుతుంది, మూడో రౌండు ముగిసేసరికి ఫలానా ఆయనకి ఇంత లీడ్ అంటారు. అవి పడిపోయిన ఓట్లు, ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ అలవాటులో అమెరికా సర్వేలో లీడ్ అన్న మాట కనిపించగానే సగం ఫలితం వచ్చేసినట్టే మా మనసులకి తోచేది. ఒకపక్క లీడ్ అంటే చెల్లి సూట్‌కేసు సర్దేది. ఇంకోపక్క లీడ్ అంటే సర్దినవి బయటికి తీసేది.

"ఇక్కడ ఒక్క ఓటు కూడా లెక్కపెట్టలేదమ్మా" అన్నారు మాస్టారు, నా ముఖం చూసి నా వైపు తిరిగి. "కొన్ని వందలమందికి ఫోన్ చేశారు. ఇవాళ నీ మనసు ఎటుంది అని అడిగారు. అంతే. ఇది లీడ్ కాదమ్మా, మొగ్గు అను. త్రాసు కాస్త అటు వంగింది. ఎవరైనా గట్టిగా తుమ్మితే ఇటు వంగుతుంది."

ఆ రోజు నుంచి మా కారిడార్‌లో లీడ్ అన్న మాటకి చోటు లేకుండా పోయింది. ఎవరు నోరుజారినా "ఎన్నో రౌండు?" అనేవారాయన. నిజామాబాద్ అన్న మాత్రం హుషారు తగ్గకుండానే "అంకుల్, ఇయ్యాల జార్జియాల ఫుల్లు మొగ్గు!" అని కొత్త భాష కనిపెట్టాడు.

సర్వే చూడటంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఫోన్ తెర మీద పెద్ద అక్షరాల్లో ఉన్న రెండు అంకెలనీ బొటనవేలితో మూసేసేవారు. ముందు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే 'ఇంకా తేల్చుకోలేదు' అన్నవాళ్లు ఎంతమందో చూసేవారు. తర్వాత ఎంతమందిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎవరు అడిగించారు అని చూసేవారు. అన్నీ అయ్యాక బొటనవేలు తీసి, ఆ రెండు అంకెలకేసి పెద్ద ఆసక్తి లేనట్టు ఒక చూపు చూసేవారు. దేశం మొత్తం మీద చేసిన సర్వేనైతే ఆ మాత్రం కూడా చూసేవారు కాదు. "అక్కడ గెలుపు రాష్ట్రాల వారీగా తేలుతుంది. దేశం మొత్తం అంకె అంటే క్లాసు సగటు మార్కు. మీవాడు పాసయ్యాడో లేదో సగటు మార్కు చెబుతుందా?" అనేవారు.

మా ఆయన ఒకసారి గోడ మీద రాష్ట్రాల పటం పెట్టి, ఈ మూడు మనకొస్తే చాలు, ఆ రెండు పోయినా ఫరవాలేదు అంటూ లెక్కలు వేస్తుంటే, మాస్టారు పక్కన నిలబడి కాసేపు విని, "ఒకే వంటవాడు చేసిన కూరలు నాయనా ఇవి. ఒకదాంట్లో ఉప్పు ఎక్కువైందంటే మిగతావాటిలోనూ ఎక్కువై ఉంటుంది. తప్పితే అన్నీ ఒకేవైపు తప్పుతాయి" అన్నారు. మా ఆయన పటం తీసేశాడు. నాకు మాత్రం ఆ మాటతో ఉన్న కాస్త ఆశా జారిపోయింది.

ఐర్లండ్‌లో ఆయనకి బాగా నచ్చిన మాట 'గ్రాండ్'. వీధి చివర ఇంటి పెద్దావిడ ఎలా ఉన్నావంటే గ్రాండ్ అంటుంది, తుంటి ఎముక విరిగినప్పుడు కూడా గ్రాండ్ అనే అంది. "ఈ దేశంలో సర్వే చేయడం ఎవరి తరమమ్మా? అందరూ గ్రాండ్ అంటారు, ఏం తేలుతుంది?" అని ముచ్చటపడేవారు. మనవరాలి దగ్గర నేర్చుకుని, ఇక్కడివాళ్లలాగే అల్మారాని ప్రెస్ అనేవారు. "కందిపొడి ప్రెస్‌లో ఉంది చూడు" అని మొదటిసారి ఆయన అన్నప్పుడు, కందిపొడి పేపర్లో పడటమేమిటా అని నేను కాసేపు బుర్ర గోక్కున్నాను. చెత్తడబ్బా బయట పెట్టడానికి కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కునే మనిషి. వంట మాత్రం సున్నా. కూతురు డ్యూటీలో ఉంటే మూడు పూటలా టోస్టే.

ప్రచారం ముదిరేకొద్దీ అందరూ ఆయన మీద పడ్డారు. జాతకం చూపించుకునేవాళ్లలా ఫోన్లు చేసి, "అంకుల్, ఒక్క మాటలో చెప్పండి, ఎవరు?" అనేవాళ్లు. ఆయన ఒక్క మాటలోనే చెప్పేవారు: "తెలియదు." కొందరికి కోపం వచ్చేది. ఇంత చదువుకుని తెలియదంటాడేమిటి అని వెనకాల అనుకునేవాళ్లు. ఆయనకీ విసుగొచ్చిందని నాకు తెలుస్తూనే ఉండేది. తెలియదు అన్న మాట పదేపదే చెప్పడం ఎంత నీరసమో ఎదురుగా చూశాను. తెలిసినట్టు ఒక్కసారి తల ఊపితే అందరూ సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు. ఆయన ఊపలేదు.

చివరికి నేనూ వెళ్లి అదే పని చేశాను. ఆ వారాంతంలోపు చెల్లి ఆఫీసులో సెలవు సంగతి చెప్పెయ్యాలి. మధ్యాహ్నం వెనక గుమ్మంలోంచి వాళ్ల పెరట్లోకి వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. మాస్టారు హడావుడిగా తీగ మీద బట్టలు తీస్తున్నారు.

"మాస్టారూ, ఒక్కసారి చెప్పండి. చెల్లి రావచ్చా, వద్దా? ఎవరు గెలుస్తారు?"

"తెలియదమ్మా."

నాకు ఎక్కడలేని ఉక్రోషం ముంచుకొచ్చింది. "ఇన్నేళ్లు పాఠాలు చెప్పారు, రోజూ ఇన్ని సర్వేలు చదువుతారు. నా చెల్లి నా దగ్గరికి రావచ్చో లేదో చెప్పలేరా? ఎందుకండీ మరి ఈ చదువు?" అంటూ అక్కడే గుమ్మం మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. అలసిపోయానని, ఇంకొక్క అంకె చూసే ఓపిక కూడా లేదని, పిల్ల పుడుతుందంటే సంతోషపడాల్సింది పోయి ఓటర్ల మనసులు చదువుతూ కూర్చున్నానని ఏదేదో అన్నాను.

ఆయన బట్టలన్నీ తెచ్చి లోపల పడేసి, నా పక్కన మెట్టు మీదే కూర్చున్నారు. తర్వాత భార్య గురించి చెప్పారు. అంతకుముందు ఆవిడ గురించి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.

"మా ఆవిడకి జబ్బు బయటపడ్డాక, ఆపరేషన్‌కి ముందు నన్ను అడిగింది. ఏవండీ, నేను బాగవుతానా అని. నేను లెక్కల మాస్టారిని కదా, డాక్టర్లు చెప్పిన శాతం ఎంతో చెప్పాను. అబద్ధం చెప్పకూడదని చెప్పాను. ఆవిడ సరేలెండి అని అటు తిరిగి పడుకుంది. పోయాక చాన్నాళ్లకి అర్థమైంది. ఆవిడ అడిగింది శాతం కాదు. నా దగ్గర ఉంటావా అని అడిగింది."

చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరమూ లేవలేదు.

"సర్వేలో కష్టం లెక్క కాదమ్మా, ప్రశ్న. ప్రశ్న తప్పైతే వెయ్యిమందిని అడిగినా తప్పే. నువ్వు ఎవరు గెలుస్తారని అడుగుతున్నావు. నీకు కావాల్సింది అది కాదు. పురిట్లో నా పక్కన ఎవరుంటారు అని అడుగు."

నేను తలెత్తి ఆయన వైపు చూశాను.

"దానికి తెలియదు అనను" అన్నారు. "నేనుంటాను. మా అమ్మాయి ఉంటుంది. చెల్లి సంగతి చెల్లి తేల్చుకుంటుంది. వస్తే సంతోషం. రాలేకపోతే ఆ పిల్ల అక్కడ నేరం చేసినట్టు కుమిలిపోకూడదు."

"మీకు వంటే రాదు కదా మాస్టారూ" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"నెలలు నిండటానికి ఇంకా టైముందిగా. నేర్చుకుంటాను."

సాయంత్రం చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. అది ముందు నమ్మలేదు. "అక్కా, ఆయనకి పథ్యం అంటే ఏంటో తెలుసా?" అంది. తర్వాత ఆయన్నే ఫోన్లోకి పిలిచి, శొంఠి ఎప్పుడు పెడతారో, వెల్లుల్లి ఎలా వేయిస్తారో అడిగింది. ఒక్కదానికీ ఆయనకి జవాబు తెలియలేదు. తెలియదు, తెలియదు అంటూ బుద్ధిమంతుడైన విద్యార్థిలా రాసుకున్నారు. చెల్లి నవ్వింది. ఎన్ని నెలల తర్వాత విన్నానో ఆ నవ్వు. అది రావడం మానుకుంది. రాలేనని చెబుతూ ఏడ్చింది కానీ, ఆ ఏడుపులో అంతకుముందున్న భయం లేదు. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లం సర్వేలు పంపుకోవడం మానేశాం.

ఎన్నిక జరిగింది. గెలిచినవాళ్లు గెలిచారు. మేం చూస్తూ కూర్చున్న ఊగిసలాట రాష్ట్రాలన్నీ ఒకేవైపు ఒరిగాయి, ఆయన చెప్పిన కూరల్లాగే. ఓట్ల లెక్కింపు నడుస్తుండగా పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి, "ఇప్పుడు లీడ్ అనొచ్చమ్మా, తప్పు లేదు" అన్నారు. నేను అనలేదు. ఎవరికుందో కూడా వెంటనే అడగలేదు. ఆయన చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. వెల్లుల్లి కారం, తొలి ప్రయత్నం. బొగ్గులా మాడిపోయింది. మా ఆయన అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిని, మొహమాటంగా "గ్రాండ్" అన్నాడు. మాస్టారు గిన్నె వెనక్కి తీసుకుపోయారు.

అమ్మాయి పుట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చాక, మా ఆయన సెలవు అయిపోయి షిఫ్టులకి వెళ్లిపోయాక, రోజూ మధ్యాహ్నానికి మాస్టారు వచ్చేవారు. అప్పటికి చెల్లికి అక్కడ తెల్లవారేది. ఫోన్‌ని మా వంటింట్లో పంచదార డబ్బాకి ఆనించి, అది చెబుతుంటే ఈయన చేసేవారు. "మాడుతోంది మాస్టారూ, మంట తగ్గించండి!" అని అమెరికా నుంచి కేకలు వినిపించేవి. మొదటి ముద్దలో శొంఠి, నెయ్యి. తర్వాత వెల్లుల్లి కారం. తర్వాత బీరకాయ కూర, అది ఎప్పుడూ నీళ్లోడుతూనే ఉండేది. నేను తినేవరకూ గుమ్మం అవతల అటు తిరిగి కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు. సరిపోకపోయినా సరిపోయిందనేదాన్ని. "నాకు నిజం చెప్పాలి. మొహమాటానికి చెప్పే జవాబుతో ఏ సర్వే పనికిరాదు" అని కసురుకునేవారు. అప్పుడు నిజం చెప్పేదాన్ని.

నిన్న అంత్యక్రియలకి మేం ముగ్గురం ట్రాలీ వెళ్లొచ్చాం. పాప కారంతా బిస్కట్ పొడి చేసింది. వాళ్లింట్లో నన్ను ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను కానీ చెప్పలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను. అందరూ వెళ్లాక వాళ్లమ్మాయి నా పక్కన కూర్చుంది. "నీకు వండిపెట్టాక కూడా నాన్నకి ఇంకే వంటా రాలేదక్కా. ఇక్కడికొచ్చాక కూడా ఎవరు ఇంటికొచ్చినా బాలింతరాలి కారమే పెట్టేవాడు" అంది. పక్కనే బడి స్వెట్టర్‌తో ఉన్న మనవరాలు, "తాత పుట్ ఇట్ ఆన్ టోస్ట్. ఇట్ వాస్ లవ్లీ, లైక్" అని కళ్లు తుడుచుకుంది. ముగ్గురం నవ్వాం, తర్వాత నవ్వలేకపోయాం.

ఇప్పుడు ఎక్కడో ఇంకో ఎన్నిక, ఇంకో సర్వే. ఫోన్లో కనిపిస్తే నీరసంగా పక్కకి తోసేస్తాను. ఆయన పేరు తలచుకుంటే మాత్రం సర్వేలేవీ గుర్తురావు. పాప పుట్టాక ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆయన కూతురు డ్యూటీ లేని రోజున వచ్చి, మాకు తలంట్లు పోసి, అప్పుడే ఇంటికెళ్లింది. చెల్లి మాట ప్రకారం మాస్టారు సాంబ్రాణి వేశారు, కాస్త ఎక్కువే వేశారు. నా తడి జుట్టు కిందుగా, పాప ఉయ్యాల చుట్టూ పొగ తిప్పుతున్నారో లేదో, మెట్ల దగ్గర పొగ అలారం ఇల్లు అదిరేలా కూత మొదలుపెట్టింది. పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది, ఎత్తి ఒళ్లో వేసుకున్నాను. ఫోన్లోంచి చెల్లి "ఏమైంది, ఏమైంది?" అని అరుస్తోంది. మాస్టారు సాంబ్రాణి బయట గడ్డిలో పెట్టి, కుర్చీ లాక్కొచ్చి, దాని మీదికెక్కి, అలారం కింద నా తల తుడుచుకున్న తువ్వాలు విసరడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆగదు. చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉన్నారు. చివరికి అది ఆగింది. పాప వెక్కిళ్లు తగ్గి, నా ఒళ్లోనే నిద్రలోకి జారింది. "ఆగింది మాస్టారూ, దిగండి" అన్నాను మెల్లగా. ఆయన దిగలేదు. పాప వైపు ఒకసారి చూసి, అలారం మళ్లీ ఎక్కడ కూస్తుందోనని, చప్పుడు చేయకుండా ఆ తడి తువ్వాలు ఊపుతూ అలాగే నిలబడి ఉన్నారు.